దొరగారికి వెలి

అప్పగింత 211
నీలమ్మ పాత్ర. మొదటి పాళీ నుంచి రెండో పాళీకి.

సారె మీద మట్టి ఉంది, తడిగుడ్డ కప్పాను. ఆవంలో కూజాలు కాలుతున్నాయి. నువ్వు కూర్చునేసరికి చల్లారి ఉంటాయి, తీసి నీడలో పెట్టు బాబాయ్. కల్లుపాకావిడతో పొద్దున మాటామాటా అయింది. ఆవం బూడిద తన గుమ్మం ముందు పోశానని యాగీ చేసింది. కాబట్టి నీ పాళీ అంతా నీలమ్మ ఆవిడ వైపు చూడకుండా మూతి ముడుచుకుని తిరగాలి. రేపు నేను వెళ్ళి కలుపుకుంటాను. కల్లుపాకావిడను ఆడేది మన మరియమ్మ పెద్దమ్మే గనక పెద్దగా బతిమాలక్కర్లేదు.

కొత్త ఇన్‌ఛార్జి చలపతి అప్పగింతలు వివరంగా రాయమన్నాడు. ఎవరు చదివినా అర్థం కావాలట. సరే, అర్థమయ్యేట్టే రాస్తాను. తర్వాత ఎందుకు రాశావని అడగొద్దు.

రత్నగడ్డ రాజ్యంలో నీలమ్మ అనే కుమ్మరి ఆవిడ ఒక్కతే. ఆమెను ఆడేది ఇద్దరం. పొద్దున రూతు అనే నేను. మధ్యాహ్నం నుంచి అబ్రాహాము బాబాయ్. లారీలు తమంతట తాము పోవడం నేర్చుకున్నాక స్టీరింగు వదిలేసి ఈ షెడ్డుకు వచ్చినవాడు, ఇంతేసి మీసాలున్నవాడు. కళ్ళకు గంతలు, మెడకూ మణికట్లకూ చీలమండలకూ పట్టీలు కట్టుకుని ఈ పాత నూలుమిల్లులో వరసగా కూర్చుంటాం. గంతల లోపల ఊరు, అంగడి వీధి, ఏరు. మా గొంతు అక్కడ నీలమ్మ గొంతైపోతుంది. అక్కడ తగిలిన దెబ్బ ఇక్కడ పట్టీలో చురుక్కుమంటుంది. నేను లేచి బాబాయ్ కూర్చున్నా దొరలకు తేడా తెలియకూడదు. నీలమ్మ కూనిరాగం, కుండలతో కబుర్లాడే అలవాటు, కోపం వస్తే మట్టిముద్దను నేలకేసి కొట్టడం, ఇవన్నీ ఆయన పెట్టినవే. నేను ఆయన్ని చూసి నేర్చుకున్నాను.

దొరలంటే ఆడటానికి వచ్చేవాళ్ళు. అతిథులు అనాలని కంపెనీ చెబుతుంది. మేం అనం.

మా పని ఊ కొట్టడం. అడవిలో రెండు తలల పామును ఎట్లా నరికాడో దొర చెబుతుంటే పని ఆపి, దారి పక్కకు దిగి, చెప్పులు వదిలి, ఊ కొట్టాలి. ఒక్కో ఊకు దొర కీర్తి పెరుగుతుంది. ఊళ్ళోవాళ్ళు ఎవరూ ఊ కొట్టని మాట అసలు మాటే కాదు, రాజ్యం రికార్డులోకి ఎక్కదు. పౌర్ణమికి కీర్తి లెక్క తేలుతుంది. సున్నా అయినవాడికి కోట పోతుంది, పేరు పోతుంది. మళ్ళీ గోచీతో మొదలుపెట్టాలి.

ముందు యంత్రాలతోనే ఊ కొట్టించారట. దొరలకు రుచించలేదు. యంత్రం భయపడితే అది భయం కాదని వాళ్ళకు తెలిసిపోతుందట. అందుకని మమ్మల్ని పెట్టారు.

అప్పగింత 213

బాబాయ్, నా పాళీ మొదలుపెట్టేసరికి ఆవం కూలి ఉంది. కూజాలన్నీ పెంకులు. నువ్వు రాసింది మాత్రం ఇంతే: "వజ్రకేతు దొర వచ్చాడు. కొంచెం గొడవ."

ఆవం కూలితే అది కొంచెం గొడవా?

పాళీలు మారేటప్పుడు గేటు దగ్గర కనిపించావు. కుడిచేతి వేళ్ళు ఎడమ చేత్తో నలుపుకుంటున్నావు. అడిగితే నవ్వావు.

"పట్టించుకోమాకే. ఆయనకేందో బాధుంది. నన్ను కొట్టుకుంటే కాసేపు తగ్గుద్దేమో."

"బాధ ఉంటే గోడకేసి కొట్టుకోమను."

"గోడ ఏడవదుగా."

ఈ మాట నువ్వు జాలిగా అన్నావు. నాకు మాత్రం అప్పటినుంచి చెవిలో జోరీగలా తిరుగుతోంది. సారె తిప్పుతున్నంతసేపూ ఇదే ఆలోచించాను. ఈ దొరలు ఏ లోకమైనా కట్టుకోవచ్చు. మేఘాల్లో ఊరు కట్టుకోవచ్చు, చేపలై సముద్రం అడుగున తిరగొచ్చు, చెట్లతో మాట్లాడొచ్చు. డబ్బూ ఉంది, యంత్రాలూ ఉన్నాయి, అడ్డమూ లేదు. అన్నీ ఉండి వాళ్ళు కట్టుకున్నది ఏమిటి? దొర వస్తుంటే జనం దారి దిగి చెప్పులు విడిచే ఊరు. మా ముత్తవ్వ ఏ ఊరి నుంచి చంకలో పిల్లనేసుకుని పారిపోయి వచ్చిందో ఆ ఊరు. దానికి పైన రెండు సూర్యుళ్ళు తగిలించి, కొత్త లోకం అని పేరు పెట్టారు.

అందరూ అట్లా కాదంటావు నువ్వు. నిజమే. తెల్లగుర్రం దొరసాని ఉంది. వస్తుంది, గుర్రం దిగుతుంది, నా పక్కన కూర్చుని మట్టి పిసుకుతుంది, ఒక్క మాట మాట్లాడకుండా పోతుంది. ఆమెకు బయట ఏం దొరకదో మట్టి పిసికే తీరు చూస్తే తెలుస్తుంది. వజ్రకేతుకు ఏం దొరకదో నీ వేళ్ళు చూస్తే తెలుస్తోంది. దొరకనిది తెలిసినంత మాత్రాన జాలిపడాలని లేదు. నేను పడను.

అప్పగింత 219

ఇది రాసేటప్పటికి రెండో పాళీ కూడా నేనే ఆడుతున్నాను. నీ సీటు ఖాళీ.

మొన్న నువ్వు గంతలు తీసి టీ గ్లాసు అందుకోబోయావు. గ్లాసు వేళ్ళ మధ్యనుంచి జారిపోయింది. మళ్ళీ పట్టుకోబోయావు. చెయ్యి నీదే గానీ నీ మాట వినలేదు. "తిమ్మిరెక్కింది" అన్నావు. తిమ్మిరి కాదని మాకందరికీ తెలుసు.

మామూలు దెబ్బకు పట్టీ చురుక్కుమంటుంది, అంతే. కోటల మీద యుద్ధాలకు వెళ్ళే దొరలకు వేరే ఇనప తొడుగు ఇస్తారు. దానితో కొడితే అవతలి సైనికుడి కవచం అదిరేంత జోరు వస్తుంది. అది ఊళ్ళో వేసుకోకూడదు. మన పట్టీలు దాన్ని ఆపలేవు. వజ్రకేతు అది వేసుకుని నీ మణికట్టు మీద కొట్టాడు. నువ్వు నా ముందు ఒప్పుకున్నావు, చలపతి ముందు చెప్పావు. డాక్టరు నరం దెబ్బతిందన్నాడు. అతకొచ్చు, కానీ త్వరగా అతకాలి, ఆలస్యమైతే నరం ఎండిపోతుంది, ఇక ఆ చెయ్యి వేలాడేదే అన్నాడు.

వైద్యం కంపెనీ చేయించాలి. చలపతి దగ్గరికి మరియమ్మ పెద్దమ్మా నేనూ వెళ్ళాం. మంచివాడిలానే మాట్లాడాడు. కుర్చీలు వేయించాడు.

"అతిథి ఏం చేశాడన్నది అతిథి సొంత విషయమమ్మా. దాన్ని తెరిచి చూసే హక్కు నాకు లేదు. ఆయనంతట ఆయన ఊళ్ళో పదిమందిలో చెప్పి, అది రికార్డులోకెక్కితే, అప్పుడు నేను చూడొచ్చు. లేకపోతే అబ్రాహాముకు ఇంట్లో ఏదో తగిలిందని రాయాల్సి వస్తుంది."

"కొట్టినోడు ఒప్పుకుంటేనే దెబ్బ తగిలినట్టా అయ్యా?" అంది పెద్దమ్మ.

"నిబంధన" అన్నాడు.

కుర్చీలోంచి లేచి వచ్చేశాం. ఆ రోజు నుంచి నీలమ్మ కుడిచేతికి గుడ్డ కట్టాను. ఎడమ చేత్తోనే సారె తిప్పుతున్నాను. కుండలు వంకరగా వస్తున్నాయి. రానీ.

అప్పగింత 222

బాబాయ్, నువ్వు ఇది చదవట్లేదని తెలుసు. అయినా నీకే రాస్తాను. ఈ సీటులో కూర్చుంటే వేరేవాళ్ళకు రాయబుద్ధి కాదు.

టీ దగ్గర అందరం కూడాం. వాణ్ణి ఏం చెయ్యాలని. చేపల బుట్ట శాయన్న, ఏటిలోకి తోసేద్దామన్నాడు. దొరలు చావరు, మళ్ళీ కోటలో లేస్తారు. ఇంకొకరు తిడదామన్నారు. తిడితే దొరలకు ఇష్టం. ఎదురుతిరిగిన పల్లెను అణిచాననుకుంటాడు, దానికీ కీర్తే.

అప్పుడు నేను మా నాయనమ్మ చెప్పిన సంగతి చెప్పాను. ముత్తవ్వ వాళ్ళు కోతకూలి పెంచమని అడిగినందుకు ఊరు మా పేటను వెలేసింది. ఒక్కరూ చెయ్యి ఎత్తలేదు. కొట్లో ఉప్పు ఇవ్వలేదు, బావి దగ్గర నీళ్ళు చేది పోయలేదు, పలకరిస్తే పలకలేదు. ఎదురుగా నిలబడితే వెనకనున్న గోడను చూసినట్టు చూశారు. కొడితే తగ్గుతుందే, చూడకపోతే తగ్గదే అనేదట ముత్తవ్వ. అన్నం తినేటప్పుడు కూడా తన చేతిని తనే తాకి చూసుకునేదట, ఉన్నానా లేనా అని.

అది మా మీద వాడిన ఆయుధం. దాని పదును ఎక్కడుందో మాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

పెద్దమ్మ గ్లాసు కింద పెట్టింది.

"వజ్రకేతుకు వెలి. ఇనండి. నీళ్ళు లేవు, నిప్పు లేదు, ఊ లేదు. కొట్టినా ఏడవకూడదు. వాడు పదిమందిలో తప్పు ఒప్పుకున్నదాకా. వెలి తప్పినోళ్ళకు కూడా వెలే. సమ్మతమేనా?"

అందరూ గ్లాసులు కింద పెట్టారు. అంటే సమ్మతం. మిగతా పల్లెలకు కబురు ఎట్లా వెళ్తుందని శాయన్న అడిగాడు. అప్పగింతల్లో రాస్తాం, అంతే కదా. పాళీ మారే ప్రతి సీటులో ఇంకో మనిషికి చేరుతుంది. ఏటి అవతల మేకలమిట్టకూ, ఉప్పుపాలేనికీ కూడా.

అప్పగింత 225

వచ్చాడు. ఎర్ర గుర్రం, పగడాల కిరీటం, భుజం మీద పులితోలు. అంగడి వీధి మొదట్లో ఆగి గొంతు సవరించుకున్నాడు.

"రత్నగడ్డ ప్రజలారా, నేను ఉత్తరపు కనుమలో రాక్షసిని కూల్చి వస్తున్నాను."

నేను సారె తిప్పుతున్నాను. పెద్దమ్మ కల్లుకుండ మూతి తుడుస్తోంది. శాయన్న చేపల మీద నీళ్ళు చల్లుతున్నాడు. ఎవరూ దారి దిగలేదు. ఎవరూ తల ఎత్తలేదు. గుర్రం మా మధ్యకు వచ్చింది. మేం గుర్రాన్ని చూశాం. "ఎవరిదో గుర్రం తప్పించుకు వచ్చిందే" అంది పెద్దమ్మ నాతో.

వాడు రాక్షసి కథ మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. ఈసారి రాక్షసికి ఇంకో తల పెట్టాడు. ఊ లేదు. వాడి గొంతు సన్నబడింది. దిగి వచ్చి శాయన్నను తన్నాడు. శాయన్న గాలికి పడ్డట్టు పడి, లేచి, బట్టలు దులుపుకున్నాడు.

"ఈ మజ్జెన గాలి ఎక్కువైంది" అన్నాడు చేపలతో.

నా జన్మలో అంత రుచిగా ఏదీ తినలేదు.

ఒక సంగతి గమనించాను. తన్నేటప్పుడు వాడి చేతికి ఇనప తొడుగు లేదు. పాళీ దిగాక అందరూ అదే అన్నారు. అంటే తను చేసిందేమిటో వాడికి తెలుసు.

అప్పగింత 229

ఆ రోజు నుంచి వస్తూనే ఉన్నాడు. మేకలమిట్టకు వెళ్ళాడట, అక్కడ మేకలు మాత్రం వాడి వైపు చూశాయట. ఉప్పుపాలెంలో సత్రంలో కూర్చుని అన్నం అడిగితే, సత్రంవాడు వచ్చి వాడు కూర్చున్న బల్ల తుడిచి, కుర్చీ బల్ల కిందకు తోసి వెళ్ళిపోయాడట. వాడు కుర్చీలో ఉండగానే.

మిగతా దొరలు చూడటానికి వస్తున్నారు. గోడల మీద కూర్చుని నవ్వుతున్నారు. వాళ్ళ కథలకు మేం ఊ మామూలుగానే కొడుతున్నాం. ఒకడు నన్ను అడిగాడు, ఇక్కడ వజ్రకేతు నిలబడి ఉన్నాడు కదా అని. "ఎవురయ్యా ఆయన?" అన్నాను. వాడు గోడమీద నుంచి పడేంత నవ్వాడు. మనిషి పడిపోతుంటే గోడెక్కి చూడటానికి ఇంత దూరం వస్తారు. వీళ్ళ సంగతి వేరే చూడాలి, ఒక్కొక్కడిగా.

చలపతి పిలిచి అడిగాడు. నీలమ్మకు ఈ మధ్య చెవుడు వచ్చిందని చెప్పాను. ఏమీ చెయ్యలేకపోయాడు. మా ఊళ్ళో ప్రతి మనిషికీ సొంత మనసుందని కంపెనీ ఊరంతా బోర్డులు పెట్టించింది. ఇప్పుడు ఆ మనసును ఆపమని ఏ కాగితం మీద రాస్తారు?

ఇవాళ వజ్రకేతు నా ముందు చాలాసేపు నిలబడ్డాడు. నా కుడిచేతికి కట్టిన గుడ్డను చూశాడు. ఎడమ చేత్తో లేపిన వంకర కుండలను చూశాడు. వాడికి అర్థమైంది. మొహం చూస్తే తెలిసిపోయింది. మొహం చూడలేదనుకో, పక్కనున్న కూజా మెరుపులో చూశాను.

సాయంత్రం నీ దగ్గరికి వచ్చి ఇదంతా చెప్పాను కదా బాబాయ్. నువ్వు నవ్వలేదు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "ఏడ్చాడా?" అని అడిగావు. లేదన్నాను. "ఏడవకముందే ఆపండే. ఏడ్చినాక ఎవురూ ఎవురి మాటా ఇనరు" అన్నావు. అప్పుడు నాకు కోపం వచ్చింది. నీ చెయ్యి ఎండిపోతుంటే వాడి ఏడుపు నీకెందుకని అరిచి వచ్చేశాను.

అప్పగింత 233

ఘోరం జరిగింది. మేం చేసిందే.

పొద్దున టీ దగ్గర శాయన్న నవ్వుతూ చెప్పాడు. నిన్న వజ్రకేతు తన చేపల బుట్ట ముందు కూర్చుని ఏడ్చాడట. ఏదో ఒప్పుకుంటున్నాడట, తొడుగు అనీ కుమ్మరి ఆవిడ అనీ ఏవేవో అన్నాడట.

"నేను మొకం తిప్పేశాగా. ఒక్క మాట చెవిలో పడనీలా" అన్నాడు గొప్పగా. అందరూ వీపు చరిచారు. నేనూ చరిచాను. చేయి శాయన్న వీపు మీద ఉండగానే నాకు తట్టింది.

ఊ కొట్టని మాట మాట కాదు.

వాడు పదిమందిలో ఒప్పుకున్నాడు. మేం పదిమందీ వినలేదు. కాబట్టి వాడు ఒప్పుకోలేదు. ఒప్పుకునేదాకా వెలి అన్నాం గానీ, ఒప్పుకుంటే వినేదెవరో అనుకోలేదు. అంత బాగా వెలేశాం.

చలపతి దగ్గరికి పరిగెత్తాను. రికార్డులో ఏమీ లేదన్నాడు. రేపు పౌర్ణమి, వాడి కీర్తి అడుగంటింది, రేపటితో కోటా పేరూ పోతాయి, ఆ తర్వాత ఒప్పుకుంటే సరిపోతుందా అని అడిగాను.

"పేరు పోతే ఆ దొర లేనట్టే. లేని దొర కొట్టాడని ఎట్లా రాస్తానమ్మా" అన్నాడు.

అంటే రేపొక్కటే ఉంది. రేపు వాడు వచ్చి మళ్ళీ చెప్పాలి, ఎవరో ఒకరు ఊ కొట్టాలి. ఊ కొడితే వాడికి కీర్తి వస్తుంది, కోట నిలుస్తుంది. కొట్టకపోతే వాడు గోచీతో రోడ్డున పడతాడు, నీ చెయ్యి వేలాడుతుంది.

పెద్దమ్మకు చెప్పాను.

"మేకలమిట్టోళ్ళు, ఉప్పుపాలెమోళ్ళు కూడా మాటిచ్చారే రూతూ. ఆళ్ళనూ కొట్టాడు వాడు. ఆళ్ళంతా రేపు వాడు కూలితే చూద్దామని కూర్చున్నారు. ఇయ్యాల ఒకళ్ళు తప్పితే రేపు ఏ దొరకూ వెలంటే భయముండదు."

"బాబాయ్ చెయ్యి పెద్దమ్మా."

"తెలుసే. నేను వద్దంటంలా, ఊ కొట్టమంటంలా. తప్పితే మాత్రం వెలే. అది నేను పెట్టింది కాదు, అందరం గ్లాసులు దించాం."

నిజం చెప్పాలంటే ఆ కోట కూలడం చూడాలని అందరికంటే నాకే ఎక్కువ ఉంది. కలలో కూడా చూశాను. పగడాల కిరీటం బురదలో దొర్లుతూ.

అప్పగింత 234

పౌర్ణమి.

గుర్రం లేకుండా వచ్చాడు. కిరీటం లేదు, పులితోలు లేదు. అంగడి వీధి నడిమధ్య నుంచి నడిచివచ్చి నా సారె ముందు నిలబడ్డాడు. గోడల మీద దొరలు బారులు తీరి ఉన్నారు. ఈసారి రత్నగడ్డ భాష మాట్లాడలేదు. మామూలుగా, బస్సులో పక్క సీటు మనిషి మాట్లాడినట్టు మాట్లాడాడు.

"నీలమ్మా, ఆ రోజు చెయ్యి తగిలింది."

నేను సారె తిప్పాను. తగిలిందట. చెయ్యి వాడి ఒంటిమీదిది కానట్టు.

"చెయ్యి కాదు. తొడుగు తగిలింది."

సారె తిరుగుతోంది. వాడు నా మొహంలోకి చూశాడు.

"తొడుగుతో కొట్టాను."

"ఊ" అన్నాను.

అంగడి ఆగిపోయింది. పెద్దమ్మ చేతిలో ముంత కింద పడి పగిలింది. శాయన్న నా వైపు తిరిగాడు. వజ్రకేతు అదిరిపడి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇన్నాళ్ళుగా గొంతు పోయినవాడికి ఒక్కసారిగా తన గొంతు వినిపించినట్టు ఉంది వాడి మొహం. అంత కోపంగా నేనెప్పుడూ ఊ కొట్టలేదు.

"అది యుద్ధానికి ఇచ్చిన తొడుగు. ఊళ్ళో వేసుకోకూడదని తెలుసు."

"ఊ."

"ఆ రోజు ఆఫీసులో మా పైఆయన అందరి ముందూ నన్ను..."

తల దించి సారె తిప్పాను.

"నా పరిస్థితి మీకు తెలియదు. ఇంటికి వెళితే కూడా ఎవరూ..."

మట్టిముద్ద తీసి నేలకేసి కొట్టాను. ఆపేశాడు. ఆ కథకు ఊ నా దగ్గర లేదు. ఎవరి దగ్గరుంటే వాళ్ళ దగ్గర చెప్పుకోవాలి. వాడు చేతులు నలుపుకున్నాడు, గోడల మీదున్న దొరలవైపు చూశాడు, మళ్ళీ నా చేతి గుడ్డను చూశాడు.

"ఒకసారి కాదు. ఆవం కూలిన రోజు నుంచి."

"ఊ."

"మామూలు చేత్తో కొడితే నీలమ్మ రోజూ ఒకేలా ఏడుస్తోంది. ఎవరో నటిస్తున్నారనిపించింది. తొడుగు వేసుకుంటే నిజంగా ఏడుస్తారని తెలుసు."

ఈ మాటకు ఊ కొట్టడానికి నాకు చాలాసేపు పట్టింది. ఎడమ చేత్తో సారెను పట్టుకుని ఆపాను. గంతల లోపల నా కళ్ళు మండుతున్నాయి. వాడు ఊ కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. ఇంకా ఏదో మిగిలి ఉందని ఇద్దరికీ తెలుసు.

"లోపల మనిషి ఉన్నారని తెలుసు" అన్నాడు చివరికి. "తెలుసు కాబట్టే కొట్టాను."

"ఊ."

గోడల మీద నవ్వు ఆగిపోయింది. ఒక్కొక్కరే దిగి వెళ్ళిపోయారు. వాళ్ళకూ తెలుసు కదా లోపల మనుషులున్నారని. లేకపోతే ఇక్కడికెందుకు వస్తారు?

వాడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నన్ను క్షమించండి."

నేను సారె తిప్పాను. మళ్ళీ అడిగాడు. కుండ మూతి సరిచేసుకున్నాను. మూడోసారి కూడా అడిగాడు. ఆ మాట రికార్డులోకి ఎక్కలేదు.

నా ఊల పుణ్యమా అని వాడి కోట నిలిచింది. సాయంత్రం చంద్రుడు వచ్చినప్పుడు దాని బురుజుల మీద దీపాలు వెలగడం నేను ఇక్కడినుంచే చూశాను. నా పగ తీరలేదు బాబాయ్. నీ చేతికి బదులుగా ఇచ్చేశాను.

అప్పగింత 240

షెడ్డులో నాతో ఎవరూ మాట్లాడటం లేదు. టీ పళ్ళెం నా వరస దగ్గరకు వచ్చి నా మీదుగా వెళ్ళిపోతుంది. పాళీ దిగేటప్పుడు పట్టీలు విప్పడానికి పక్కవాళ్ళు చెయ్యి ఇస్తారు కదా, నావి నేనే పళ్ళతో లాక్కుంటున్నాను. ఎవరి మీదా కోపం లేదు. నేనూ గ్లాసు దించినదాన్నే. మేకలమిట్టవాళ్ళు నా గురించి అన్న మాటలు మాత్రం ఇక్కడ రాయను, చలపతి చదువుతాడు.

మొదటిరోజు పెద్దగా అనిపించలేదు. మూడో రోజు ఇంట్లో గిన్నె కడుగుతూ నా చేతిని నేను తాకి చూసుకున్నాను.

ఇవాళ కంపెనీ ఒప్పుకుంది. రికార్డు చూశారు, కాగితం మీద సంతకం పెట్టారు. గుంటూరులో నీ చేతికి నరం అతుకుతారు. చలపతి పిలిచి చెప్పినప్పుడు అందరూ విన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. నేను వచ్చి సీటులో కూర్చున్నాను.

కాసేపటికి మరియమ్మ పెద్దమ్మ వచ్చి నా పక్కన గ్లాసు పెట్టింది.

"తాగు. చల్లారుద్ది."

అప్పుడే శాయన్న అడిగాడు, మరి వజ్రకేతు వెలి ఎత్తేసినట్టేనా, వాడు ఒప్పుకున్నాడు కదా అని. పెద్దమ్మ నా వైపు చూసింది. నాకు తెలియదన్నాను. ఒప్పుకున్నదాకా అన్నాం, ఒప్పుకున్నాడు, మాట ప్రకారం అయిపోయినట్టే. నా మనసు ప్రకారం కాలేదు.

"ఎత్తేదీ ఎత్తందీ దెబ్బ తిన్నోడి ఇష్టం" అంది పెద్దమ్మ. "అబ్రాహాము రానీ."

అప్పగింత 262

బాబాయ్, నువ్వు ఇవాళ రెండో పాళీకి వస్తున్నావని చలపతి చెప్పాడు. బొటనవేలు కదులుతోందట కదా, మిగతావి మెల్లగా వస్తాయన్నారట. సారె నీకు అందేట్టు ఎడమవైపుకు జరిపాను. మట్టి మెత్తగా పిసికి ఉంచాను, జోరు చెయ్యక్కర్లేదు. తెల్లగుర్రం దొరసాని వస్తే మట్టి ఇవ్వు, ఇన్నాళ్ళూ నీలమ్మ చెయ్యి ఎట్లా ఉందని రోజూ చూసి వెళ్ళింది.

వజ్రకేతు వస్తాడు. పౌర్ణమి నుంచి రోజూ వస్తున్నాడు. చేతులు కట్టుకుని నిలబడతాడు, ఎవరినీ కొట్టడు, కథలు చెప్పడు. నువ్వు వచ్చేదాకా ఆగుదామని ఎవరం పలకలేదు. ఇక నీ ఇష్టం. నువ్వు మెత్తనివాడివని నాకు తెలుసు. ఊ కొడితే కొట్టు, నేనేమీ అనను. నీతో నాలుగు రోజులు మాట్లాడనేమో, అంతే.

ఇక్కడినుంచి రాత్రి కలిపి రాస్తున్నాను. నా పాళీ అయిపోయినా ఇంటికి వెళ్ళలేదు. క్యాంటీన్ గోడమీది తెరలో చూస్తూ కూర్చున్నాను. పెద్దమ్మ పాళీలోనే ఉంది. మిగతావాళ్ళం ఒక్కరం కూడా కదలలేదు. నీలమ్మ మెల్లగా వచ్చి సారె ముందు కూర్చుంది. కూనిరాగం మొదలుపెట్టింది, నాకు ఎప్పటికీ రాని రాగం. వజ్రకేతు అప్పటికే ఉన్నాడు. నీలమ్మ నడక మారింది, వాడికి తెలిసిపోయింది, ఎవరు తిరిగి వచ్చారో. ముందుకు వచ్చి, తెచ్చిన వెండి పళ్ళెం నేల మీద పెట్టి, ఏదో చెప్పాడు. చెబుతూనే ఉన్నాడు. రెండు సూర్యుళ్ళూ దిగిపోయేదాకా చెప్పాడు.

అప్పగింత 263
నీలమ్మ పాత్ర. రెండో పాళీ నుంచి మొదటి పాళీకి. ఎడమ చేత్తో రాస్తున్నా, అక్షరాలు చూసి నవ్వమాకు.

రూతమ్మా, మూకుళ్ళు ఆరు లేపాను, ఒకటి సొట్టపోయింది, అయినా కాలుద్దాం. ఆవంలోకి ఊక చాలదు, కల్లుపాకావిడను అడుగు. దొరసాని వచ్చి మట్టి పిసికి పోయింది. దారిలో వెండి పళ్ళెం ఏదో పడుంటే మేకలకు నీళ్ళు పోయడానికి పెట్టాను.

అంతకుమించి విశేషాల్లేవు. ఇవాళ నా దగ్గరికి ఇంకెవరూ రాలేదు.